డిపో స్థలంలో నలభై ఇళ్ళు

మా చెకింగ్ ఇన్‌స్పెక్టరు గారికి,

కండక్టరుని కట్టుకున్న పాపానికి వాడి జేబులు తనిఖీ చేసే ఉద్యోగం నీకు జన్మంతా దొరికింది గనక ఆ బిరుదుతోనే మొదలుపెట్టాను. ఆ ఉద్యోగంలో నువ్వు లేకపోయేసరికి ఇక్కడ క్రమశిక్షణ బొత్తిగా చెడింది. నిన్న చొక్కా నానబెడితే జేబులోంచి మందుల చీటీ ముద్దయి బయటికొచ్చింది. దానితోపాటు నువ్వు వెళ్ళేముందు మూడు నెలలు వెతికిన సూదుల డబ్బా మూత కూడా వచ్చింది. ఎలా వెళ్ళిందో నన్నడగకు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావా? ఫోన్‌లో నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం మీ చెల్లెలు నీ చెవిలో అరిచి చెబుతుంది. ఆ అరుపు మీ వీధి చివర దాకా వెళ్తుందని మా తోడల్లుడే అన్నాడు. మొగుడూ పెళ్ళాల మాటలు అంతమందికి ఎందుకు? కాలు ఎలా ఉంది? కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నావట, సంతోషం. తొందరపడకు. తుంటి ఎముక అతుక్కోవడానికి దాని టైము దానికి కావాలి. ఇల్లు నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంది. మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. ఒకటి మాత్రం నా మీద అలిగి ఎండిపోయింది.

ఇప్పుడు అసలు కబురు. మన పాత బస్సు డిపో ఉంది కదా, ఊరి బయట కొత్తది కట్టాక తాళం వేసి వదిలేశారు. ఆ స్థలంలో మున్సిపాలిటీ వాళ్ళు వయసు మళ్ళినవాళ్ళ కోసం నలభై ఇళ్ళు కడతారట. అన్నీ నేల మీదే, పైన ఇంకో అంతస్తు లేకుండా. వెడల్పు తలుపులు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు, రెండిళ్ళకి మధ్య ఒక అరుగు. మొన్న హాల్లో మీటింగు పెట్టి ఇదంతా చెప్పారు. చెప్పింది గృహ విభాగానికి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ. మనిషి సన్నగా రివటలా ఉంటుంది గాని, గొంతు మాత్రం మన మూడో నంబరు బస్సు హారన్‌లా ఉంటుంది.

డబ్బు సంగతి ఆ అమ్మాయి నాకు అర్థమయ్యేలా చెప్పింది, కాబట్టి నీకూ అర్థమవుతుంది. స్థలం మున్సిపాలిటీది. ఇంటి పన్నులో కొంత పదేళ్ళ పాటు దీనికని పక్కన పెడతారు. మిగతాది గృహనిర్మాణ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. ఉండేవాళ్ళు కట్టే అద్దెలతో ఆ అప్పు మెల్లగా తీరుతుంది. అద్దె మనం ఇప్పుడు కడుతున్నదాని కంటే ఎక్కువేం కాదు. అయితే కట్టాక ఇళ్ళు ఖాళీగా పడుంటే అప్పు తీర్చేదెవరని బ్యాంకు అడుగుతోంది. అందుకని నలభై కుటుంబాలు "మేం వచ్చి ఉంటాం" అని నెలాఖరులోగా సంతకం పెట్టాలి. లేకపోతే ఆ స్థలాన్ని దుకాణాల కోసం వేలం వేద్దామని ఛైర్మన్ అంటున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. రోడ్లకి, వీధి దీపాలకి ఎక్కణ్ణుంచో డబ్బు తేవాలి కదా.

మీటింగులో చప్పట్లు చూడాలి! హాలు దద్దరిల్లిపోయింది. మంచి పనన్నారు, ఎప్పుడో కట్టాల్సిందన్నారు, టీ తాగారు, వెళ్ళిపోయారు. ఆఫీసరమ్మ కాగితాలు, పెన్నూ పెట్టుకుని బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. నేను వెళ్ళి, "ఏమ్మా, ఎంతమంది రాశారు?" అన్నాను. "బాబాయ్ గారూ, అందరూ కట్టమనేవాళ్ళే, ఉంటామనేవాళ్ళు ఒక్కరూ లేరు" అంది. ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది. బస్సు నింపకుండా డిపో గేటు దాటించినవాణ్ణా నేను? "ఇంటింటికీ నేను తిరుగుతాలే" అనేశాను. నోరు జారడం నాకు కొత్త కాదని నువ్వంటావు. అను. ఇంకో ఉత్తరంలో నలభై నిండిన కబురు రాస్తాను, చూసుకో.

టిక్కెట్టు లేకుండా ఇన్నేళ్ళూ నీ పక్కన ప్రయాణించిన,
నీ కండక్టరు

*

చెకింగ్ గారికి,

నలభై నిండిన కబురు రాస్తానన్నాను కదా. తొమ్మిది. రెండు వారాలు కాలికి బలపం కట్టుకుని తిరిగితే తొమ్మిది.

జనం కాదంటే బాధ లేదు. అందరూ అవునంటున్నారు, తమ విషయానికి వచ్చేసరికి తప్పుకుంటున్నారు. సంగీతం టీచరమ్మ ఇంట్లో వానొస్తే హార్మోనియం ఎత్తి మంచం మీద పెట్టి తను కింద పడుకుంటుంది. "అయ్యో, నాకెందుకండీ, నాకేం, బాగానే ఉన్నాను. పెద్ద మేస్త్రిగారికి ఇప్పించండి, పాపం" అంది. పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటాడు, ఎవరిదో మేడ మీద రేకుల గదిలో ఉంటాడు, దానికి ఇనప మెట్లు. నేను ఎక్కేసరికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నాకు మంచినీళ్ళిచ్చి, "నాకేమయ్యా, రాయిలా ఉన్నాను. అలాంటివి ముసలాళ్ళకి ఇవ్వాలి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన అన్నదమ్ములిద్దరూ ఒకరి ఎదుట ఒకరు నిలబడి "వీడికివ్వండి", "కాదు, వీడికివ్వండి" అని నా ముందే పోట్లాడుకున్నారు. ఆఖరికి ఇద్దరూ రాయలేదు.

ఒకళ్ళు తీసుకుంటే ఇంకొకళ్ళ నోటి దగ్గరది లాక్కున్నట్టని అందరి లోపలా ఉంది. నలభై మంది ఒప్పుకోకపోతే ఒక్కళ్ళకీ ఉండదని గొంతు చించుకుని చెప్పాను. "అవునవును, మంచి మాట" అంటారు, తలుపు వేసుకుంటారు. ఆఫీసరమ్మ తిట్టదు, విసుక్కోదు. "రేపు నేను కూడా వస్తాను బాబాయ్" అంటుంది. అది ఇంకా కష్టంగా ఉంది.

నిన్న మళ్ళీ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. గోరంత ఆశతో మొదలుపెట్టి కొండంత ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, బీడీ ఆర్పి, "ఇంతకీ నీ పేరు రాశావా?" అన్నాడు. "పిల్లాజెల్లా లేరు, మూడో అంతస్తులో కాపురం, మీ ఆవిడకి ఆపరేషన్ అయింది. నువ్వు రాయకుండా ఊరంతా తిరిగి మమ్మల్ని రాయమంటావేమిటి?" అన్నాడు. కోపంగా అనలేదు, అడగాలనిపించి అడిగాడు. జవాబు చెప్పకుండా మెట్లు దిగొచ్చేశాను.

ఆ జవాబు నీకు చెప్పాలి. ఇంతకాలం చెప్పలేకపోయాను.

ఆపరేషన్ అయిన వారానికి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. నువ్వు నడుస్తావట, ఇంట్లో నీ పనులు నువ్వు చేసుకుంటావట, కానీ మూడంతస్తుల మెట్లు ఇక ఎక్కలేవట. బాగా తగ్గాక కూడా ఎక్కకూడదట. "ఇల్లు మార్చుకోండి" అని ఎంత తేలిగ్గా అన్నాడో! మనం కట్టగలిగే అద్దెకి నేల మీద ఖాళీ ఇల్లు ఈ ఊళ్ళో ఎక్కడుంది? నేను లోపలికొచ్చి నీతో "రెండు నెలల్లో పరిగెత్తిస్తానన్నాడు" అని చెప్పాను. నువ్వు నవ్వావు. మీ చెల్లెలింటికి కారెక్కేటప్పుడు "నేను వచ్చేదాకా ఇల్లు ఇలాగే ఉంచండి" అన్నావు. ఆ మాట నా గుండెల్లో దిగబడిపోయింది. కొత్త కాపురం పెట్టిన ఇల్లు, నీ చేత్తో సున్నం వేసిన గోడలు. నీకా ఇల్లు ఇక లేదని ఏ నోటితో చెప్పను? డిపో ఇంటికి నా పేరు రాస్తే, నువ్వు ఇక పైకి రాలేవని నేను సంతకం పెట్టినట్టే అనిపించింది. అందుకే పెన్ను పట్టుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. కింది వాటాలో ఉండే ఫొటోగ్రాఫరు భార్య రోజూ అడుగుతుంది, "పిన్నిగారు ఎప్పుడొస్తారు బాబాయ్?" అని. గాలి మార్పుకి వెళ్ళింది, అక్కడ నచ్చి ఉండిపోయింది అంటాను. నచ్చిందట! రాత్రుళ్ళు నీ వైపు దిండు అలాగే ఉంచి పడుకుంటున్నాను, ఇంకేం చెప్పను. నువ్వు లేకుండా నాకేమీ బాగాలేదే.

ఇక దాచడం నా వల్ల కాదు. నువ్వేం చెబితే అది. ఇల్లు వదలొద్దంటే వదలను, ఏదో దారి చూస్తాను. కోపమొస్తే తిట్టి రాయి. తిట్టకుండా మాత్రం ఊరుకోకు, నాకు భయమేస్తుంది. నెలాఖరుకి ఎంతో లేదు.

నీ కండక్టరు

*

ఏమండీ,

మీరు తిట్టమన్నారు కాబట్టి ముందు అది కానిచ్చి తర్వాత క్షేమసమాచారాలు రాస్తాను. డాక్టరు మీకు వరండాలో చెవిలో చెప్పాడు సరే, నా కాలు నాకు చెప్పదా? కర్ర చేతికొచ్చినప్పటినుంచీ ఇక్కడ చెల్లెలింటి మేడ మెట్లు రోజూ సాయంత్రం ఎక్కి చూస్తున్నాను. కొంచెం ఎక్కేసరికి కాలు మొండికేసి నిలబడిపోతుంది. మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా మీకు రాయలేదు, ఎందుకంటే మీరు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఆ తాళం వేసిన డిపో వైపు చూస్తూ కూర్చోకపోతే మీకు తోచదు. నా కాలు మూలంగా ఈయన కుర్చీ లాక్కోవడమెందుకు అనుకున్నాను. ఇద్దరం ఇద్దరమే.

ఇల్లు ఇలాగే ఉంచండి అన్నది మొక్కలు ఎండిపోతాయనీ, మీరు మంచం మీద బట్టలు గుట్టపోస్తారనీ. దాన్ని మీరు శిలాశాసనం చేసి పెట్టుకున్నారు. ఆ ఇంటి మీద నాకేం మమకారమండీ? వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకళ్ళ మోచెయ్యి ఇంకొకళ్ళకి తగులుతుంది. నీళ్ళు రాని రోజుల్లో బకెట్లు మోసింది మీరు కాదు, మీరు డ్యూటీలో ఉండేవారు. ఆ గోడలకి సున్నం నేను ఇష్టపడి వెయ్యలేదు, ఇంటివాడు వెయ్యకపోతే వేశాను. నాకు కావాల్సింది మీరు. మీరు ఎక్కడుంటే అక్కడ. ఈ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదు కాబట్టి మీకు తెలియలేదేమో, అందుకని రాసిస్తున్నాను. దాచుకోండి, ఈసారి జేబులో మాత్రం పెట్టుకోకండి.

ఇక మీ నలభై సంగతి. జనం ఎందుకు రాయడం లేదో మీకు ఇంకా అర్థం కాలేదా? మీరు వాళ్ళకి ఉపకారం చేస్తున్నట్టు వెళ్ళారు. ముసలివాళ్ళు పాపం, కష్టాల్లో ఉన్నారు, ఇల్లిస్తాం రండి అన్నారు. రాయిలా ఉన్నాననుకునే మేస్త్రిగారు మీ దగ్గర చెయ్యి చాస్తారా? మీరు చాచారా? కింది వాటా అమ్మాయి అంత అభిమానంగా అడిగితే గాలి మార్పని కోతలు కోసిన మనిషి మీరే కదా. మీలాంటి వాళ్ళే అందరూను. ఉపకారం చేస్తానంటే వద్దనేవాళ్ళు, సాయం చెయ్యమంటే పరిగెత్తుకొస్తారు. ఆ టీచరమ్మ నాకు జ్వరమొస్తే గొడుగు లేకుండా వానలో వచ్చింది, మరిచిపోయారా?

కాబట్టి ఇలా చెయ్యండి. ముందు మీ పేరు రాయండి, పక్కన నా పేరు రాయండి. పక్కన అన్నాను, కింద కాదు. తర్వాత వెళ్ళి, మీకు మంచిదండీ అనడం మానేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఆవిడ మెట్లెక్కలేదు, ఆ ఇళ్ళు కట్టకపోతే మేమిద్దరం ఒక చోట ఉండలేం, మీరు నాకు కావాలి అని అడగండి. నాలుక బరువెక్కుతుందని తెలుసు. అయినా అడగండి. మీకోసం కాదు, నాకోసం.

కోపమేమీ లేదు. మీరు వరండాలోంచి వచ్చి నవ్వుతూ అబద్ధం చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తోంది, అంతే.

మీ జేబుల మీద సర్వహక్కులూ గల,
చెకింగ్ ఇన్‌స్పెక్టరు

*

ఏమే,

బిరుదులన్నీ పక్కన పెట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మర్నాడే ఆఫీసుకెళ్ళి మన పేర్లు రాశాను, పక్కపక్కనే. ఆఫీసరమ్మ చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. అక్కణ్ణుంచి తిన్నగా పార్కుకి వెళ్ళాను. పొద్దున పూట మన బ్యాచ్ అంతా అక్కడి బెంచీల మీదే ఉంటుందని నీకు తెలుసు. "మా ఆవిడ ఇంటికి రాలేకపోతోంది. ఇక మెట్లెక్కలేదు. నేను ఇక్కడ పైన, తను వేరే ఊళ్ళో. ఆ డిపో ఇళ్ళు కట్టకపోతే మాకు ఒక చోట బతుకు లేదు. మీరు వస్తేనే అవి కడతారు. నాకోసం రండి" అన్నాను. అంతే అనగలిగాను. ఆ తర్వాత కళ్ళు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే గుడ్డ లేదు, నువ్వు లేవు కదా పెట్టడానికి.

పెద్ద మేస్త్రికి కోపమొచ్చింది. "ఇంత జరిగితే ఇన్నాళ్ళూ నా మెట్లెక్కి నాకు పాఠాలు చెప్పావా? ముందే చెప్పడానికి నీకేం రోగం?" అని అందరి ముందూ కడిగేశాడు. కడిగేసి, చెప్పులేసుకుని, "పద, ఎక్కడ రాయాలో చూపించు" అన్నాడు. ఆయన వెనక టీచరమ్మ. "నేను రాకపోతే మీ ఆవిడకి సంగీతం ఎవరు నేర్పిస్తారండీ?" అంది. నీకు సంగీతమేమిటో, నీ చెవులకి సంగీతమేమిటో నాకు తెలియదు, నోరు మూసుకున్నాను. పోస్టాఫీసు అన్నదమ్ములు పక్కపక్క ఇళ్ళయితేనే వస్తామని షరతు పెట్టారు. మధ్యలో అరుగుంటుంది, పోట్లాడుకోవడానికి బాగుంటుందని చెప్పాను.

నెలాఖరు రోజుకి ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. ఇంక రెండు దొరకలేదు, ఎంత తిరిగినా. ఆ సాయంత్రం మున్సిపల్ కౌన్సిల్ కూర్చుంది. మేమంతా వెనక వరసల్లో కూర్చున్నాం. ఆఫీసరమ్మ లెక్కలు చెబుతుంటే ఒక సభ్యుడు లేచి, "నలభై అన్నారు, నలభై రాలేదు, సంగతి తేలిపోయింది కదా" అన్నాడు. అప్పుడు ఛైర్మన్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "రోడ్డు వైపు ఎలాగూ ఇళ్ళకి పనికిరాదు, ఒకటే దుమ్ము. అక్కడ వరసగా కొన్ని దుకాణాలు వేద్దాం. వాటి అద్దె బ్యాంకు అప్పులోకే పోనీ. తక్కువైన రెండిళ్ళకి మున్సిపాలిటీ హామీ ఉంటుంది" అన్నాడు. ఆయన దుకాణాలు ఆయనకి దక్కాయి, మన ఇళ్ళు మనకి దక్కాయి. చేతులెత్తినవాళ్ళు ఎక్కువ, ఎత్తనివాళ్ళు తక్కువ. బ్యాంకు వాళ్ళు వారం తర్వాత ఒప్పుకున్నారు. నేను డిపోలో అన్నేళ్ళు ఉండి ఒక్క బస్సుకీ అంత గట్టిగా విజిల్ వెయ్యలేదు, కౌన్సిల్లో చేతులెత్తిన రోజు వేశాను. ఛైర్మన్ బయటికి పంపిస్తానన్నాడు.

కట్టడానికి ఏడాదిన్నర పడుతుందట. అది విని మళ్ళీ నీరసం వచ్చింది. ఏడాదిన్నర ఎలా అనుకుంటూ మెట్లెక్కుతుంటే కింది వాటా తలుపు తెరుచుకుంది. పార్కులో నేనన్న మాట ఫొటోగ్రాఫరు భార్య చెవిన పడింది. నా మీద ఆ అమ్మాయికున్న కోపం ముందు మేస్త్రి కోపం ఎంత! "మేం పరాయివాళ్ళమా బాబాయ్? గాలి మార్పా? ఒక్క మాట అంటే మేం పైకి వెళ్ళేవాళ్ళం కదా! ఈయనకి పై వాటాలో వెలుతురు బాగుంటుందని ఎప్పటినుంచో ఆశ. అడిగితే మీరేమనుకుంటారోనని అడగలేదు" అంది. అడగనివాళ్ళం మనమే అనుకున్నాను, వాళ్ళూ అంతేనట. ఇంటివాడితో వాళ్ళే మాట్లాడారు. నిన్న వాళ్ళ సామాను పైకి, మన సామాను కిందికి. పార్కు బ్యాచ్ అంతా వచ్చి తలా ఒక సలహా ఇచ్చి, తలా ఒక కుర్చీ మోశారు. నీ కుట్టుమిషను కిటికీ దగ్గర వేశాను. మంచం మీద బట్టలు ఉన్నాయి, అబద్ధమెందుకు, నువ్వొచ్చేలోగా తీస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి బయలుదేరి మధ్యాహ్నానికి మీ చెల్లెలింటికి వస్తాను. పెట్టె సర్దుకుని ఉండు. డిపో ఇల్లు కట్టేదాకా ఇక్కడుందాం, ఆ తర్వాత అక్కడుందాం. ఈ కింది ఇంటి గుమ్మానికి ఒకే ఒక్క మెట్టుంది. దాని సంగతి నిన్ను తీసుకొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. ఇవాళ తెల్లవారి తలుపు తీసేసరికి పెద్ద మేస్త్రి గుమ్మం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో తాపీ, పక్కన సిమెంటు గమేళా. మెట్టుని వాలుగా మార్చేశాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "తడారేదాకా దీని మీద నువ్వు కూడా కాలు పెట్టకు, ముందు ఆవిడ నడవాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను పెరటి తలుపులోంచి తిరుగుతున్నాను.

నీ కోసం వస్తున్న,
నీ వాడు